బఠాణీ గింజంత

నవంబరు 6, 2023
రాజమహేంద్రవరం

ఈ నోటుపుస్తకం రాయమన్నది డాక్టరుగారు. "రోజూ అద్దం చూసుకునేవాళ్లకి మార్పు తెలియదమ్మా. అప్పుడప్పుడూ రాసిపెట్టుకోండి. పన్నెండు వారాలయ్యేదాకా మందు మీద తీర్పు చెప్పకండి" అన్నారు.

నాకు ఇరవై తొమ్మిది. పదిహేనో ఏట మొదలయ్యాయి మొటిమలు. "వయసు మొటిమలే, పెళ్లయితే పోతాయి" అంది అమ్మ. "వేడి చేసింది, సబ్జాగింజలు తాగు" అంది అత్తయ్య. పసుపు, మీగడ, శనగపిండి, రక్తచందనం అన్నీ పట్టించాను. జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. బోర్డు వైపు తిరిగి బొమ్మ గీసేటప్పుడే నాకు ప్రాణం కుదుటపడేది. పిల్లల వైపు తిరిగితే చెయ్యి దానంతటదే గడ్డం మీదికి పోతుంది.

ఇచ్చిన మందు అడాపలీన్ జెల్, 0.1 శాతం. పదిహేను గ్రాముల చిన్న ట్యూబు. ఇది రెటినాయిడ్, అంటే విటమిన్ ఏ కుటుంబానికి చెందిన మందు. "పెళ్లయిందా? గర్భం ఆలోచన ఉందా?" అని అడిగితే అమ్మ మొహం మాడ్చుకుంది. "పైపూతే అయినా గర్భం అనుకున్నప్పుడు ఆపేయాలమ్మా. అందుకే ఎవరినైనా అడుగుతాను" అని ఆయన నిదానంగా చెప్పాక తేరుకుంది.

రాత్రిపూట మొహం కడుక్కుని, తడి పూర్తిగా ఆరనిచ్చి, మొహం మొత్తానికీ కలిపి బఠాణీ గింజంత. నుదుటి మీద, రెండు చెంపల మీద, గడ్డం మీద చుక్కలు పెట్టి పల్చగా పరచాలి. కళ్ల దగ్గర, ముక్కు పక్కన, పెదవుల మూలల్లో వద్దు. మొదట రోజు మార్చి రోజు. పైన మాయిశ్చరైజర్. పగలు సన్‌స్క్రీన్, గొడుగు.

"మొటిమ మీద మాత్రమే పెట్టుకుంటే సరిపోదా?" అని అడిగాను. తమ్ముడు అలాగే చేసేవాడు. "కనిపించే మొటిమ కోసం కాదమ్మా ఇది. రాబోయేదాని కోసం" అన్నారు.

నవంబరు 20, కార్తీక సోమవారం

తెల్లవారుజామున అమ్మతో పుష్కరఘాట్‌కి వెళ్లాను. మూడు మునకలు వేసేసరికి మొహం చురుక్కుమంది. పెదవుల మూలల్లో, గడ్డం మీద ఉల్లిపొరలా పొట్టు లేస్తోంది. నిన్న ఆవకాయ అన్నం తింటుంటే నోటి మూల అంటుకుని కళ్లలో నీళ్లు తిరిగాయి.

డల్లస్‌లో ఉన్న పిన్ని కూతురితో మాట్లాడాను. అమెరికాలో ఈ 0.1 శాతం జెల్‌ని 2016 నుంచి డాక్టరు చీటీ లేకుండానే అమ్ముతున్నారట. తనే కొనుక్కుని, త్వరగా తగ్గాలని మొదటి రోజు నుంచీ ప్రతి రాత్రీ దట్టంగా రాసిందట. చలికాలం, ఇంట్లో హీటరు. మూడు వారాలకి చెంపలు కందిపోయి, సబ్బు నురగ తగిలినా భరించలేక ట్యూబు పారేసింది. మళ్లీ ఏడాదికి, ముందు మాయిశ్చరైజర్ రాసి దాని మీద ఇది, వారానికి రెండే రాత్రులు మొదలుపెట్టింది. ఇప్పుడు బాగానే ఉందట. "అక్కా, ఎక్కువ రాస్తే ఎక్కువ తగ్గదు, ఎక్కువ మండుతుందంతే" అంది.

నేనూ మూడు రాత్రులు ఆపి మళ్లీ మొదలుపెడతాను.

డిసెంబరు 10

గడ్డం కింద ఏడు. ఎడమ చెంప మీద నాలుగు. ఇన్ని ఒక్కసారి ఎప్పుడూ రాలేదు. చెయ్యి ఆనిస్తే సలుపు. వెనక బెంచీ పిల్లాడు "ఒంట్లో బాగోలేదా మేడమ్?" అని అడిగాడు. ప్రేమగానే అడిగాడు. స్టాఫ్‌రూముకి వచ్చి తలుపేసుకుని ఏడ్చాను.

డాక్టరుగారు ముందే చెప్పారు, లోపల మూసుకుని ఉన్నవి మొదట్లో ఒక్కసారిగా బయటపడొచ్చని. తెలిసినా తట్టుకోవడం వేరు. ట్యూబు చెత్తబుట్టలో పడేశాను. గంట తర్వాత తీసి, తుడిచి, మళ్లీ అలమరలో పెట్టాను.

వచ్చే వారం కాకినాడ నుంచి పెళ్లివారు వస్తామన్నారు. అమ్మ నన్నేమీ అడగలేదు. వంటింట్లోకి వెళ్లి ఫోన్ చేసి, "ధనుర్మాసం వచ్చేస్తోందండీ, పండగ వెళ్లాక రండి" అని చెప్పింది. గోడ ఇవతలి నుంచి విన్నాను. అమ్మకి ఎలా చెప్పాలో తెలియక ఇక్కడ రాసుకుంటున్నాను, ఆ మాటకి జన్మంతా రుణపడి ఉంటాను.

డిసెంబరు 24

ఏడో వారం. ఎర్రదనం తగ్గింది, పొట్టు లేవడం ఆగింది. కొత్తవి రెండే.

చర్మం మీది ప్రతి వెంట్రుక కుదురుకీ ఒక సన్నని నోరుంటుంది. అక్కడ రాలాల్సిన మృతకణాలు రాలకుండా ఒకదానికొకటి అంటుకుని, జిడ్డుతో కలిసి బిరడాలా బిగుసుకుంటే మొటిమకి పునాది పడ్డట్టే. అది పైకి కనిపించడానికి వారాలు పడుతుంది. రెటినాయిడ్ కణ కేంద్రకంలోని గ్రాహకాలని పట్టుకుని ఆ రాలే తీరునే సరిచేస్తుంది. పద్నాలుగేళ్లు నేను వచ్చినవాటితోనే యుద్ధం చేశాను. రానివాటి సంగతి ఎవరూ చెప్పలేదు.

ఈ మందు పుట్టుక గురించి చదువుతూ ఫిలడెల్ఫియా దాకా వెళ్లాను. దీనికి పెద్దక్క ట్రెటినాయిన్. మొటిమలకి అది పనిచేస్తుందని 1969లో ప్రకటించింది ఆల్బర్ట్ క్లిగ్‌మన్ బృందం. ఆయనే 1950ల నుంచి 1974 దాకా అక్కడి హోమ్స్‌బర్గ్ జైలు ఖైదీల ఒంటి మీద ప్రయోగాలు చేశాడు. వాళ్లలో ఎక్కువమంది నల్లజాతివాళ్లు. కొద్దిపాటి డాలర్ల కోసం, తమ ఒంటికి ఏం రాస్తున్నారో సరిగా తెలియకుండానే వీపులూ చేతులూ అప్పగించారు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వైద్య కళాశాల 2021లో క్షమాపణ చెప్పింది. ఈ రాత్రి జెల్ రాసుకుంటుంటే వేలు ఆగింది. నా మొహం తేటపడే దారిలో ఎవరి వీపులు కాలాయో తెలుసుకోవడం నా బాధ్యత అనిపించింది. పిల్లలకి ఈ పాఠం చెప్పేటప్పుడు ఇదీ చెబుతాను.

జనవరి 5, 2024

సెకండియర్ అమ్మాయి ఒకతె చున్నీ మొహానికి చుట్టుకుని వస్తోంది. క్లాసయ్యాక పిలిచాను. చున్నీ తీస్తే చెంపలు ఎర్రగా, పల్చబడి, లోపలి సన్నని రక్తనాళాలు కనిపిస్తున్నాయి. గడ్డం మీద నూగు వెంట్రుకలు. మొటిమలకని మందుల షాపులో అడిగితే ఒక క్రీము ఇచ్చారట. వారంలో మొహం తెల్లబడి నున్నగా అయింది. ఎనిమిది నెలలు రాసింది. ఆపితే మంట, మళ్లీ రాస్తే చల్లన.

ట్యూబు చూపించమన్నాను. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మోమెటసోన్. మూడోది స్టెరాయిడ్.

నా గుండె గుభేలుమంది. నా పదిహేడో ఏట ఇలాంటి క్రీమే ఒక షాపులో ఇచ్చారు. రెండేళ్లు రాశాను. పేరులో ట్రెటినాయిన్ ఉంటే చాలు అన్నీ ఒకటే అనుకుంటారు. రెటినాయిడ్ మొదట ఏడిపించి నెలల మీద మేలు చేస్తుంది. స్టెరాయిడ్ మొదట మురిపించి తర్వాత చర్మాన్నే కొరుక్కుతింటుంది. ఇలాంటి స్టెరాయిడ్ పూతలు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం నిబంధన బిగించింది. ఈ పిల్లకి మాత్రం చీటీ ఎవరూ అడగలేదు.

సాయంత్రం వాళ్లమ్మగారిని వెంటబెట్టుకుని డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లాను.

జనవరి 14, భోగి

అమ్మమ్మగారి ఊళ్లో ఉన్నాం. భోగిమంట దగ్గర ఎక్కువసేపు నిలబడలేకపోయాను, సెగకి చెంపలు చిమచిమలాడాయి. తర్వాత అమ్మమ్మ నువ్వులనూనె, నలుగుపిండి పట్టుకుని కూర్చుంది. ఒళ్లంతా రుద్దించుకుని, మొహం దగ్గరికొచ్చేసరికి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. "మొహానికి వద్దు అమ్మమ్మా. మందు రాసుకుంటున్నాను, చర్మం లేతగా ఉంది. రుద్దితే మచ్చలు పడతాయి."

"పండగపూట మొహానికి నలుగు లేకపోవడమేంటే!" అని కాసేపు చూసింది. తర్వాత వేలి చివరన రవ్వంత నూనె తీసుకుని నడినెత్తిన పెట్టి, మొహానికి ఉత్త గోరువెచ్చని నీళ్లు పోసింది. ఎనభై రెండేళ్ల మనిషి నా కోసం తన పద్ధతి మార్చుకుంది.

ఫిబ్రవరి 11

పద్నాలుగు వారాలు. తీర్పు చెప్పే గడువు దాటింది. మూడు వారాలుగా గడ్డం మీద ఒక్క కొత్త మొటిమా లేదు. చెయ్యి పెట్టి తడిమితే ఇసుకలా ఉండే నుదురు నున్నబడింది. పాత నల్లమచ్చలు ఉన్నాయి, కాస్త పలచబడ్డాయి. ఎడమ చెంప మీది గుంటలు అలాగే ఉన్నాయి. ఈ జెల్‌తో అవి పూడవని డాక్టరుగారు మొదటి రోజే చెప్పారు. ఇక ప్రతి రాత్రీ రాయమన్నారు. తగ్గిందని ఆపేస్తే బిరడాలు మళ్లీ బిగుసుకోవడం మొదలవుతుందట.

కాకినాడవారు వచ్చి వెళ్లారు. ఇంకా మాటేమీ రాలేదు. కూర్చున్న గంటసేపూ నా చేతులు ఒళ్లోనే ఉన్నాయి. వాళ్లు వెళ్లాక గాని ఆ సంగతి నాకు తట్టలేదు.

మార్చి 22

పరీక్షలు అయిపోయాయి. ఆ అమ్మాయి ఇంటికొచ్చింది. క్రీము మానేసినప్పటి నుంచీ మొహం ఇంకా ఎర్రబడిందని, పరీక్ష హాల్లో చెమటకి మండిపోయిందని చెప్పింది. "మళ్లీ అదే రాసేసుకోవాలనిపిస్తోంది మేడమ్. ఎన్నాళ్లు పడుతుంది?"

ఎన్నాళ్లో నేనెలా చెప్పను? నా మందు వేరు, తన బాధ వేరు. కానీ మానేయాలనిపించే రోజు ఇద్దరికీ ఒక్కటే. లోపలికి వెళ్లి ఈ నోటుపుస్తకం తెచ్చాను. ఎవరికీ చూపించకూడదనుకున్నది. డిసెంబరు 10 పుట తీసి తన ఒళ్లో పెట్టాను.

"గడ్డం కింద ఏడు" అని పైకి చదివింది. తలెత్తి నా గడ్డం చూసింది. మళ్లీ పుటలోకి చూసి, చున్నీ మొహం మీంచి తీసి పక్కన పెట్టి, తర్వాతి పుట తిప్పింది.