గ్లాసుకో చోటు, కర్రకో చోటు

శామీర్‌పేట దాటి లాల్‌గడి మలక్‌పేట్, తుర్కపల్లి వైపు వెళ్తే పొలాల మధ్య ఫాంహౌస్‌ల ప్రహరీలు వరసగా కనిపిస్తాయి. వాటిలో కొన్నింట్లో ఇప్పుడు బిలియర్డ్స్ గది కూడా ఉంటోంది. లక్షలు పోసి బల్ల కొంటారు, పైన వేలాడే దీపాలు ఏరి తెస్తారు. చేతిలో గ్లాసు ఎక్కడ పెట్టాలో మాత్రం ఎవరికీ తట్టదు. అది చివరికి బల్ల అంచు మీదే వచ్చి కూర్చుంటుంది.

ఆ బల్ల లోపల ఉన్నది పలకరాయి, దాని మీద బిగించి లాగి పరిచింది బట్ట. నిమ్మసోడా ఒలికితే మరక ఒక్కటే మిగలదు. చక్కెర ఎండి ఆ మేర బట్ట బిరుసెక్కుతుంది, అక్కడికి రాగానే బంతి దారి తప్పుతుంది. మార్చాలంటే బట్ట మొత్తం ఊడదీసి మళ్లీ పరవాల్సిందే. అందుకే ఒక మిత్రుడు గది సిద్ధమైందని చెప్పగానే, గోడకు అర కొట్టించే పని నేను అడిగి మరీ తీసుకున్నాను.

ఈ ఆట మనకు పరాయిదేమీ కాదు. స్నూకర్ పుట్టిందే 1875లో జబల్‌పూర్ సైనికాధికారుల మెస్సులో అంటారు. దాని నియమాలు 1882లో ఊటీ క్లబ్బులో ఖరారయ్యాయి. మన ఫలక్‌నుమా ప్యాలెస్‌లో బరోస్ అండ్ వాట్స్ కంపెనీ బల్ల ఉన్న గదిని ఈనాటికీ చూడవచ్చు. దర్బారు గదుల్లో చోటుకు కొదవ లేదు. మన గదులకు అంగుళం అంగుళం లెక్కే.

మిత్రుడి గది పొడవు 18 అడుగులు, వెడల్పు 16. బల్ల ఎనిమిది అడుగుల పూల్ బల్ల; ఆడే మేర 88 అంగుళాలు, 44 అంగుళాలు. బంతిని కొట్టే కర్ర 58 అంగుళాలు. బల్లకు నాలుగు పక్కలా కర్ర నిడివి వదిలితే 17 అడుగుల పొడవు, 13 అడుగుల 4 అంగుళాల వెడల్పు కావాలి. అంటే పొట్టి గోడల దగ్గర మిగిలేది ఆరేసి అంగుళాలే.

తలుపుకు ఎదురుగా ఉంది కాబట్టి పొట్టి గోడకే అర కొట్టిద్దామని మిత్రుడి కోరిక. వడ్లాయన టేపు తీయలేదు. కర్ర అందుకుని బల్ల మీదికి వంగి, కొట్టేవాడిలా చెయ్యి వెనక్కి లాగాడు.

"సారూ, ఈడ కొడితే కర్ర పోయి అరకే గుద్దుతది. ఆ పొడుగు గోడకు పెడదాం."

పొడుగు గోడ దగ్గర 16 అంగుళాలు మిగులుతాయి. 8 అంగుళాల అర పోగా, కర్ర వెనక్కి లాగడానికి ఇంకో 8. ఏ బల్లకైనా, ఏ గదికైనా ముందు చూడవలసింది ఇదే: ఆడేవాడి మోచెయ్యి ఎక్కడిదాకా వస్తుందో చూశాకే గోడ సంగతి. ఎత్తు మూడున్నర అడుగులు పెట్టాం. నిలబడ్డవాడు వంగకుండా, తల తిప్పకుండా గ్లాసు పెట్టగలిగే ఎత్తు అది.

పైన నల్ల గ్రానైట్ పట్టీ వేయించాం, వంటగట్టుకు కోసిన ముక్కల్లోంచే. చల్లటి గ్లాసుకు పట్టిన చెమట కారి పాలిష్ చేసిన చెక్క మీద వలయాలు పడతాయి. రాయి మీద ఆ బాధ లేదు. కాకపోతే ఆరడుగుల పట్టీ 20 కిలోల దాకా తూగుతుంది. ఎర్ర ఇటుక గోడ అయితే యాంకర్ ఫాస్టెనర్లు చక్కగా పట్టుకుంటాయి. తేలికపాటి తెల్ల బ్లాకుల గోడ అయితే మామూలు ప్లగ్గులు కొన్నాళ్లకు వదులైపోతాయి, వాటికి వేరే రకం కొనాలి. గోడ దేంతో కట్టారో మేస్త్రీని అడగకుండా డ్రిల్లు పెట్టకండి. గ్లాసు కోసం గుండ్రటి గుంటలు తీయించేవాళ్లున్నారు. నాకది నచ్చదు. స్టీలు గ్లాసు, సీసా, చాయ్ కప్పు ఒకే గుంటలో ఇమడవు. ముందు అంచున అరంగుళం ఎత్తు టేకు పట్టీ ఉంటే ఏదీ జారి పడదు.

కర్రల సంగతి నాకు ఇంకా ముఖ్యం. గోడకు ఏటవాలుగా ఆనించిన కర్ర తన బరువుకు తానే నెమ్మదిగా వంగుతుంది. ఎవరి కాలో తగిలి పడితే కొసన తోలు ముక్క ఊడుతుంది. అందుకని అరకు ఒక చివర, గ్లాసులకు దూరంగా, టేకు చెక్కలో గాళ్లు కోయించాం. వడ్లాయన ప్రతి గాడినీ ఉలితో నున్న చేసి, వేలు పెట్టి తడిమి చూసి, లోపల మెత్తటి గుడ్డ అంటించాడు. కింద నేల మీద ఒక చెక్క, అందులో కర్ర మొదలు కూర్చునే గుంటలు. కర్ర నిటారుగా నిలబడుతుంది. ఈ పని ప్లైవుడ్‌తో చేస్తే గాడి అంచులు పెచ్చులు లేస్తాయి. ఇంకో మాట: వానకు తడిసే బయటి గోడకు కర్రలు పెట్టవద్దు. చెమ్మ పీల్చిన కర్ర వంకర పోతుంది, పోయిన వంకర మళ్లీ తీరదు.

ఇల్లు కట్టుకుంటూ, ఆ ప్లానులో బిలియర్డ్స్ గది గీయించుకుంటున్నవాళ్లు ఇది చదువుతుంటే ఒక్కటే మనవి. బల్ల కొలత, కర్ర కొలత చెప్పేటప్పుడే అరకు కావలసిన ఆ 8 అంగుళాలు కూడా ఇంజనీరుకు చెప్పండి. గోడ లేచాక అవి ఎక్కడా దొరకవు.