కొబ్బరి నీడ నుంచి కువైట్ వంటింటికి...

పచ్చటి వరిచేలు, కాలవ గట్లు, ఇంటి చుట్టూ కొబ్బరిచెట్లు... చించినాడ వంతెన దాటి దిండిలో అడుగుపెడితే కనిపించే కోనసీమ ఇది. మలికిపురం, రాజోలు మీదుగా అమలాపురం వైపు సాగితే మరో కోనసీమ కూడా కనిపిస్తుంది. పాత పెంకుటిళ్ల పక్కన రంగురంగుల డాబాలు, బజార్లో ట్రావెల్ ఏజెన్సీలు, విదేశీ డబ్బు అందించే దుకాణాలు. పాస్‌పోర్టు, వీసా, ఆకామా... బడి మొహం చూడని అమ్మమ్మలకు కూడా ఇక్కడ ఇవి ఇంటి మాటలే. దశాబ్దాలుగా ఈ ఊళ్ల నుంచి ఆడవాళ్లు కువైట్, దుబాయ్, ఖతార్, మస్కట్‌లకు ఇంటిపనికి వెళ్తున్నారు.

అన్నపూర్ణలాంటి నేల నుంచి వలసలెందుకు? 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి నీళ్లు ఈ డెల్టా రూపాన్నే మార్చేశాయి. సెంటు భూమి లేనివాళ్లకు మాత్రం దక్కింది కూలిపనే. అదీ ఊడ్పులప్పుడు, కోతలప్పుడు. యంత్రాలొచ్చాక కోతల్లో కూలీల అవసరం తగ్గింది. వరిచేలు రొయ్యల చెరువులైన చోట ఊడ్పులూ పోయాయి. 2011 ఖరీఫ్‌లోనైతే గిట్టుబాటు కావడం లేదంటూ కోనసీమ రైతులు ఏకంగా పంట విరామమే ప్రకటించారు. ఆ ఏడాది సాధారణ రకం ధాన్యానికి క్వింటాలు మద్దతు ధర 1,080 రూపాయలు. నాట్లు పడని చేలల్లో రైతుతోపాటు కూలీ కూడా నష్టపోయింది. ఏడాది పొడవునా జీతం వచ్చే పని ఎక్కడుందంటే అందరి చూపూ గల్ఫ్ వైపే!

అప్పు ఆగదుగా!

1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం పదో తరగతి గట్టెక్కనివాళ్లు గల్ఫ్‌లో పనికి వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. ముప్ఫై ఏళ్లు నిండని ఆడవాళ్లకు ఇంటిపని కోసం ఆ అనుమతి ఇవ్వకూడదని నిబంధన పెట్టారు. ప్రైవేటు ఏజెంట్ల మోసాలు అరికట్టేందుకు 2016లో ఇలాంటి మహిళల నియామకాలను ప్రభుత్వ సంస్థలకే అప్పగించారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంస్థ ఓంక్యాప్.

ఉద్దేశం మంచిదే. కానీ ఇంట్లో అప్పు, ఆమెకు ముప్ఫై నిండేదాకా ఆగదుగా! సరిగ్గా అక్కడే ఏజెంటు ప్రత్యక్షమవుతాడు. విజిట్ వీసా చేతిలోపెట్టి విమానం ఎక్కిస్తాడు. అనుమతితో వెళ్లినవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది. 2017లో సవరించిన ఈ పథకంలో రెండేళ్లకు 275 రూపాయలు కడితే 10 లక్షల రూపాయల ప్రమాద బీమా. దొడ్డిదారిన వెళ్లినావిడకు ఆ బీమా లేదు, ఒప్పంద పత్రమూ లేదు. ఆమెను కాపాడాలని పెట్టిన నిబంధనే ఆమెను లెక్కలో లేకుండా చేస్తోందన్నమాట.

ఆకామా ఉంటేనే ఆసుపత్రి

అక్కడికి చేరాక బతుకంతా కఫీల్ అనే యజమాని చేతుల్లోనే. కువైట్ 2015లో ఇంటి పనివాళ్లకోసం ఓ చట్టం చేసింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికో సెలవు ఇవ్వాలి, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. మరుసటి ఏడాది కనీస జీతం 60 దినార్లుగా ఖరారైంది.  అయితే, నాలుగు గోడల మధ్య చట్టం అమలవుతోందో లేదో చూసేదెవరు?

తెల్లారకముందే లేచి అర్ధరాత్రి దాకా నిలబడి పనిచేస్తే మొదట పాడయ్యేది నడుము, మోకాళ్లు, నిద్ర. భరించలేక ఆ ఇల్లు వదిలి బయటపడితే ఆకామా పోతుంది. అలాంటివాళ్లను అక్కడ 'ఖల్లివల్లి' అంటారు. జ్వరమొచ్చినా ఆసుపత్రి గడప తొక్కాలంటే భయం. కాగితం అడుగుతారు, పట్టుబడితే జైలు. 2018లోనూ, 2024లోనూ కువైట్ క్షమాభిక్ష ప్రకటించినప్పుడు గానీ ఇలాంటి ఎంతోమందికి ఇంటిదారి దొరకలేదు.

ఆ దినార్లతోనే పిల్లలు కాలేజీకెళ్లారు, ఆడపిల్లల పెళ్లిళ్లయ్యాయి, డాబాలు లేచాయి. అందుకే వెళ్లొద్దని చెప్పినా వినేవాళ్లు తక్కువ. వెళ్లేవాళ్లు తెలుసుకోవాల్సింది ఒకటుంది. వీసా మీద పని పేరేమిటి, ఒప్పందంలో జీతమెంత, బీమా ఉందా... ఈ మూడూ చదివించుకున్నాకే విమానం ఎక్కాలి. రేపు జీతం ఆగినా, జబ్బు చేసినా ఆమె తరఫున మాట్లాడేవి ఆ కాగితాలే.