ఒకే విమానము, రెండు ప్రయాణములు

మా కామారెడ్డి దారిమీది ఊరు. 1830వ సంవత్సరము మే నెలలో చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు హైదరాబాదు చేరి, అచ్చటనుండి నాగపురము వైపు సాగిపోయిరి. వారు కాశీయాత్ర ముగించుకొని ఇల్లు చేరుటకు 15 నెలలకు పైగా పట్టినది. అటు తరువాత మా ఊరికి రైలు వచ్చినది. నేడు శ్రీనగరమునుండి కన్యాకుమారి వరకు పోవు 44వ జాతీయ రహదారియు మా ప్రక్కనుండియే సాగుచున్నది. రైలు లేని ఎల్లారెడ్డి మొదలైన ఊళ్ళవారు బస్సులలో కామారెడ్డికి వచ్చి, ఇచ్చటనుండి దూరదేశములకు తరలిపోవుదురు.

దూరదేశమనగానే మా ప్రాంతమువారికి ముందుగా స్ఫురించునది యూరపు కాదు, గల్ఫు. 1973లో చమురు ధర ఒక్కసారిగా పెరిగిన పిమ్మట ఆ దేశములలో రహదారులు, మేడలు, రేవులు విరివిగా వెలసినవి. వాటిని కట్టుటకు చేతులు కావలసి వచ్చినవి. మంజీరానదిపై 1931లో పూర్తియైన నిజాంసాగరు ప్రాజెక్టు ఎల్లారెడ్డికి చేరువలోనే యున్నను, దాని కాలువ నీరందని పొలములు మా వైపు అనేకములు. చెరువెండి, బావి అడుగంటినప్పుడు ఇంటికొక్కరు బతుకుదెరువునకై సముద్రము దాటుట ఆచారమైనది. అందుచేత దుబాయి, మస్కటు, దోహా అను పేర్లు మా పల్లెలలోని చిన్నపిల్లలకును తెలియును.

నేను ఉపాధ్యాయవృత్తినుండి విరమించిన పిమ్మట, నా భార్యతో కలిసి రెండు వారములు యూరపు చూచి రావలెనని సంకల్పించితిని. చిరకాలము పిల్లలకు పటముమీద చూపిన దేశములను కన్నులార చూడవలెనని నా కోరిక. యూరపులోని 29 దేశములకు షెంగెన్ వీసా యను ఒకే అనుమతి చాలును. దానికొరకు వ్రేలిముద్రలు ఇచ్చితిమి. బ్యాంకు ఖాతా చూపితిమి. పోవుటకును తిరిగి వచ్చుటకును టిక్కెట్లు చూపితిమి. మేము తప్పక మా ఇంటికి తిరిగి వత్తుమని నమ్మించుటయే ఆ కాగితములన్నిటి సారాంశము.

శంషాబాదు విమానాశ్రయము 2008లో ప్రారంభమైనది. అంతకు పూర్వము హైదరాబాదు ప్రయాణికులందరును బేగంపేటలోనే విమానమెక్కెడివారు. మేము తెల్లవారుజామునకు ముందే శంషాబాదు చేరి వరుసలో నిలిచితిమి. మా ముందును వెనుకను నున్నవారిలో సగముమంది యువకులు. వారి అట్టపెట్టెలకు త్రాళ్ళు బిగించియుండెను. ప్రతి పెట్టెపైనను పేరు, ఊరు పెద్ద అక్షరములతో వ్రాసియుండెను. ఎల్లారెడ్డి, లింగంపేట, మాచారెడ్డి, దోమకొండ - 2016లో ఏర్పడిన మా జిల్లా పటమంతయు ఆ పెట్టెలమీద కనిపించెను. ఒక పెట్టెనుండి మామిడికాయ తొక్కు వాసన వచ్చుచుండెను.

మా విమానము మొదట దుబాయికి పోవును. అచ్చట మేము మరియొక విమానమెక్కి పారిస్ చేరవలెను. నా భార్య కిటికీ ప్రక్కను, నేను నడుమను కూర్చుంటిమి. నా కుడివైపున ఇరువదియైదేండ్ల యువకుడొకడు కూర్చుండెను. అతనిది ఎల్లారెడ్డి దగ్గరి పల్లె. నేను బెల్టు పెట్టుకొనలేక తడబడుచుండగా అతడు నవ్వి, "ఇటు ఇయ్యుడి సారూ" అని దానిని బిగించి చూపెను. పిమ్మట జేబునుండి పిప్పరమెంటు బిళ్ళలు తీసి, "పైకి లేచునప్పుడు చెవులు దిబ్బడపడును. ఇవి చప్పరించుచు గుటకలు మ్రింగుడి, అమ్మా! బాధ యుండదు" అని నా భార్యకును ఇచ్చెను.

అతడు చెప్పినది శాస్త్రసమ్మతమైన మాటయే. విమానము పైకి లేచుకొలది బయటి గాలి పలుచనగును. పది కిలోమీటర్లకు మించిన ఎత్తున చలి సున్నకు దిగువ 50 డిగ్రీల వరకు ఉండును. అచ్చటి గాలిని పీల్చి మనుష్యుడు బ్రదుకజాలడు. అందుచే యంత్రములు గాలిని ఒత్తి లోపలికి పంపుచుండును. అయినను లోపలి ఒత్తిడి నేలమీదివలె ఉండదు. గుటక మ్రింగినప్పుడు చెవికిని గొంతునకును నడుమనున్న సన్నని గొట్టము తెరచుకొని, రెండు వైపుల ఒత్తిడియు సమమగును. దీనిని నేను పుస్తకములలో చదివితిని. అతడు అనుభవమున నేర్చెను.

శంషాబాదులోని పరుగుబాట 4,260 మీటర్ల పొడవు గలది. దానిపై విమానము పరుగెత్తి, ముందు చక్రము లేచి, నేల విడిచిన క్షణమున నా గుండె ఝల్లుమనెను. దీపములు చుక్కలై, చుక్కలు మబ్బులలో మాయమైనవి. 1948 జూన్ 8న ఎయిరిండియావారి 'మలబార్ ప్రిన్సెస్' విమానము బొంబాయినుండి బయలుదేరి, కైరో, జెనీవాలలో ఆగి, 10వ తేదీన లండను చేరినది. అందు ప్రయాణము చేసినవారు 35 మంది మాత్రమే. నేడు ఒక్కొక్క విమానమున వందలకొలది జనులు కూర్చుండి ఒక్క దినములోనే ఖండములు దాటుచున్నారు. ఆ వందలలో కూలివాడును కలడు, విహారయాత్రికుడును కలడు.

"మీరు ఏ పనిమీద పోవుచున్నారు సారూ?" అని యువకుడు అడిగెను.

"పని యేమియు లేదు బిడ్డా! యూరపు చూచి వచ్చుటకు."

"ఊరక చూచుటకేనా?" అని అతడు ఆశ్చర్యపడెను. ఆ మాటలో ఈర్ష్య లేదు. సముద్రము దాటువాడు పనికే దాటునని అతడు ఎరుగును. "నేను ఇంతకుముందు రెండేండ్లు దుబాయిలో నుంటిని. బుర్జ్ ఖలీఫా దినమును మా బస్సు కిటికీలోనుండి కనబడెడిది. ఎక్కి చూచినది లేదు" అని చెప్పెను. 2010లో తెరువబడిన ఆ మేడ ఎత్తు 828 మీటర్లు. లోకమున మిక్కిలి ఎత్తైన కట్టడమని నేను తరగతిలో చెప్పుచుండెడివాడను.

అల్పాహారము ముగిసిన పిమ్మట అతడు చొక్కాలోనుండి ఒక కాగితము తీసెను. "సారూ, దీనిని కొంచెము చదివి చెప్పెదరా? అరబ్బీలోను, ఇంగ్లీషులోను ఉన్నది. ఏజెంటు సంతకము పెట్టుమనెను, పెట్టితిని. నెలకు 1,500 దిర్హములు, తిండి కంపెనీదే అని చెప్పెను." ఆ ఏజెంటునకు అతడు లక్షకు పైగా చెల్లించియుండెను. పనికి పంపు ఏజెంటు పనివానినుండి తీసికొనదగిన రుసుము 30,000 రూపాయలకును దానిపై పన్నునకును మించరాదని మన దేశపు నియమము. ఆ సంగతి అతనికి ఎవరును చెప్పలేదు. రసీదును లేదు.

నేను కాగితము ఆసాంతము చదివితిని. జీతము 1,200 దిర్హములని వ్రాసియుండెను. వసతి కంపెనీది; భోజనవ్యయము పనివానిది. ఆ మాట చెప్పుటకు నాకు నోరు రాలేదు. విమానము అప్పటికే అరేబియా సముద్రముమీద నుండెను. కాని చెప్పకుండుట అతనికి మేలుచేయుట కాదు. ఉన్నదున్నట్లు చెప్పితిని.

అతడు కొంతసేపు ముందరి కుర్చీవైపు చూచుచు ఊరకుండెను. "పోక తప్పదు సారూ! తెచ్చిన పైసలకు నూటికి మూడు రూపాయల మిత్తి" అనెను. మరల నాతట్టు తిరిగి, "మిగిలినది కూడ చదువుడి" అనెను.

నేను నా చిన్నపుస్తకములోని రెండు పుటలు చించి, ఒప్పందములోని ప్రతి అంశమును తెలుగులో వ్రాసియిచ్చితిని. జీతమెంత, పని దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు, ఏడాదికి 30 దినముల సెలవు. పనివాని పాస్‌పోర్టును యజమాని తనయొద్ద ఉంచుకొనరాదని ఆ దేశపు చట్టమే చెప్పుచున్నదని అడుగున వ్రాసితిని. అతడు దానిని వ్రేలు పెట్టి, మెల్లగా రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకొనెను.

"ఎంతవరకు చదివితివి?" అని అడిగితిని.

"ఏడు వరకు. ఎనిమిదిలో చేరితిని గాని, ఆ ఏడు బావి ఎండినది."

అతని పాస్‌పోర్టులో ఈసీఆర్ అను గుర్తు ఉన్నది. పదవ తరగతిలో ఉత్తీర్ణులు కానివారి పాస్‌పోర్టునకు సాధారణముగా ఆ గుర్తు ఉండును. 1983 నాటి వలసల చట్టము ననుసరించి, అట్టివారు గల్ఫు మొదలైన 18 దేశములకు పనికి పోవుటకు ముందు ప్రభుత్వాధికారి అనుమతి పొందవలెను. చదువు చాలనివారు మోసపోకుండుటకై పెట్టిన కట్టడి అది. చట్టము గడపవరకు కాపాడును. చేతిలోని కాగితమును చదువుకొనవలసినది మనమే.

నాలుగు గంటలలోపుననే దుబాయి చేరితిమి. గడియారములు గంటన్నర వెనుకకు త్రిప్పుకొంటిమి. అతడు మా సంచులు దించియిచ్చెను. నడవ చివరను రెండు బాణపు గుర్తులుండెను. ఒకటి వేరొక విమానమెక్కువారికి. రెండవది ఆ దేశములో దిగువారికి. అతడు నా ఫోను నంబరు తీసికొని, "యూరపు ఫోటోలు పంపుడి సారూ!" అని చెప్పి రెండవ దారిన పోయెను. అట్టపెట్టెలవారందరును అటే మరలిరి. మా దారిలో జనము పలుచబడెను.

దుబాయినుండి పారిస్ అయిదువేల కిలోమీటర్లకు పైబడిన దూరము. ఏడు గంటల ప్రయాణము. పడమటికి పోవుచుండుటచే సూర్యుడు మా వెంటనే వచ్చుచున్నట్లు తోచెను. భూమి గంటకు 15 డిగ్రీల చొప్పున తిరుగునని పిల్లలకు చెప్పిన పాఠము ఆ దినమున నాకు అనుభవమునకు వచ్చెను. వేసవి గనుక, పారిస్‌లో దిగునప్పటికి మన గడియారమునకు మూడున్నర గంటలు వెనుకబడియుంటిమి. పగలు అంతమేర సాగినది.

మరునాడు ఈఫిల్ గోపురము చూచితిమి. 1889లో ముగించిన ఆ 330 మీటర్ల ఇనుప కట్టడము పాదమున నిలిచి, మేము ఫోటో తీసి అతనికి పంపితిమి. రాత్రికి అతనినుండి జవాబు వచ్చెను: "బాగున్నది సారూ. పాస్‌పోర్టు నా దగ్గరనే ఉన్నది. మా చెల్లె ఎనిమిది చదువుచున్నది. మీరు ఊరికి వచ్చినప్పుడు చూచినదంతయు దానికి చెప్పుడి."

తిరిగి వచ్చిన పదవ దినమున నేను కామారెడ్డిలో బస్సెక్కి ఆ పల్లెకు పోతిని. తల్లి చాప వేసి, చల్ల ఇచ్చెను. నేను పారిస్ ముచ్చటలు చెప్పుచుండగా ఆ బాలిక శ్రద్ధగా వినెను. తుదకు లోపలికి పోయి ఫోను తెచ్చి, అన్న పంపిన ఒప్పందపు కాగితము బొమ్మను నా ముందు పెట్టెను. "దీనిలో సగము నాకు అర్థమైనది సారూ. మిగిలిన సగము ఎట్లు చదువవలెనో నేర్పెదరా?" అని అడిగెను.

ఆ సాయంకాలము చివరి బస్సు వచ్చువరకు ఇద్దరమును ఆ కాగితమును చదివితిమి.