ముండమొయ్య: మోసేదెవరు?

మా వైపు కరెంటు పోతే ‘దీని ముండమొయ్య’ అంటారు. మాచర్ల బస్సు ఆపకుండా పోతే డ్రైవర్ని అంటారు, ఆపితే సీటు లేనందుకు బస్సుని అంటారు. మిరప చేలో బొబ్బర తెగులు పడితే ముందు తెగుల్ని, తర్వాత మందుని, ఆ తర్వాత మందు అమ్మిన షాపువాణ్ణి వరసపెట్టి అంటారు. బోరు వేస్తే నీళ్ళు పడలేదనుకోండి, భూమిని అంటారు. పడ్డాయనుకోండి, ‘దీని ముండమొయ్య, ఎన్ని నీళ్ళో!’ అని మురిసిపోతూ అంటారు. కోపం, విసుగు, ఆశ్చర్యం, మెచ్చుకోలు అన్నిటికీ ఒకటే మాట. ఇది పల్నాడు సొత్తేం కాదు. కోస్తా జిల్లాల్లో ఎక్కడైనా వినపడుతుంది. కాకపోతే నేను పుట్టి పెరిగింది గురజాల పక్కన కాబట్టి నా చెవిలో పడింది మాత్రం ఈ యాసలోనే.

తెలుగు సాహిత్యంలో పిహెచ్.డి. చేసేటప్పుడు నేను ఎంచుకున్న విషయం తిట్లు. ఆడవాళ్ళని తిట్టే తిట్లు, ఆడవాళ్ళు తిట్టే తిట్లు. నాలుగేళ్ళ పనిలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా వెంటాడింది ఈ ఒక్క మాటే. మిగతావి విన్నప్పుడు ఒళ్ళు మండుతుంది. ఇది విన్నప్పుడు మాత్రం ముందు నవ్వొస్తుంది, తర్వాతెప్పుడో కడుపులో తిప్పుతుంది.

మాట సంగతి చూద్దాం. సంస్కృతంలో ‘ముండ’ అంటే గొరిగించిన తల. తల గొరిగించడాన్ని ముండనం అంటాం, దానికి పూజలూ ముహూర్తాలూ ఉన్నాయి. పసిపిల్లలకి చేస్తే అది శుభం. భర్త చనిపోయిన స్త్రీకి చేస్తే ఆ గుండే ఆమె పేరైపోయింది. ముండ అంటే వితంతువు. అక్కడినుంచి ఒక్క మెట్టు దిగితే చాలు, ముండ అంటే నడత లేనిది. కన్నడంలో ముండె, తమిళంలో ముండై ఇదే దారిన నడిచాయి. హిందీలో, మరాఠీలో ‘రాండ్’ అనే మాట వేరే మూలంనుంచి వచ్చినా అదే చోటికి చేరింది: మొగుడు పోయినదీ, మొగుళ్ళు ఎక్కువైనదీ ఒకే మాటలో ఇమిడిపోయారు. ఇన్ని భాషలు మాట్లాడుకోకుండానే ఒకే నిర్ణయానికి వచ్చాయంటే అది భాషల పని కాదు. ఒక మగాడి పేరు మీద లేని స్త్రీ అందరికీ అందుబాటులో ఉన్న స్త్రీ అనే నమ్మకం, వ్యాకరణం కంటే గట్టిది.

ఇక ‘మోయు’. బరువు మోస్తాం, నిందలు మోస్తాం, పల్లకి మోస్తాం. ‘ముండమోసింది’ అంటే వైధవ్యం పొందింది అని నిఘంటువు అర్థం. నాకు మాత్రం ఆ క్రియని వట్టి పొందడంగా చదవబుద్ధి కాదు. గొరిగిన తలని ఒక బరువులా మోయించే మాట అది.

తిట్టు నిర్మాణం చూడండి. ఒక మగవాణ్ణి ‘నీ ముండమొయ్య’ అని తిడితే, నీ పెళ్ళాం విధవ కావాలి, అంటే నువ్వు చావాలి అని. ఒక ఆడదాన్ని ‘నువ్వు ముండమొయ్య’ అని తిడితే, నీ మొగుడు చావాలి అని. రెండింటిలోనూ చచ్చేది మగవాడే. కానీ చావు అనే మాట ఎక్కడా లేదు. చావుని నేరుగా అనడానికి నోరు రానట్టు, ఆ చావు తాలూకు ఫలితాన్ని ఒక స్త్రీ నెత్తిన పెట్టి అంటారు. ఇద్దరు మగవాళ్ళు గట్టు తగాదాలో పడి ఒకరినొకరు ఈ మాటతో తిట్టుకుంటుంటే, అక్కడ లేని ఇద్దరు ఆడవాళ్ళు, బహుశా ఇంట్లో పొయ్యి దగ్గర ఉన్నవాళ్ళు, ఊరి నడిబొడ్డున నాలుగుసార్లు గుండు కొట్టించుకుంటారు. ఇక కరెంటునీ బస్సునీ అన్నప్పుడైతే పోయే మొగుడు కూడా లేడు. వైధవ్యం ఒక్కటే మిగిలింది, గాలిలో తిరుగుతూ, ఎవరి మీద వాలాలో తెలియకుండా.

ఇంతకంటే నన్ను ఆలోచింపజేసింది ఇంకొకటి ఉంది. వితంతువుకి తల గొరిగించడం ప్రధానంగా బ్రాహ్మణ కుటుంబాల ఆచారం. వీరేశలింగం రాజమండ్రిలో 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం జరిపించింది ఆ ఇళ్ళలోని బాలవితంతువుల కోసమే. గురజాడ ‘కన్యాశుల్కం’లో బుచ్చమ్మ, మీనాక్షి, పూటకూళ్ళమ్మ అందరూ ఆ లోకంవాళ్ళే. మా పల్నాడులో పొలం పనులు చేసే కులాల్లో, మాల మాదిగ పల్లెల్లో, వడ్డెర్లలో మారుమనువు ఎప్పటినుంచో ఉంది. మొగుడు పోతే, లేదా పొసగకపోతే, పెద్దల్లో తెగదెంపులు చేసుకుని ఇంకొకరితో మనువాడిన ఆడవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. కారెంపూడి దగ్గర ఒక పల్లెలో డెబ్భై దాటిన ఒక అవ్వని ఈ మాట గురించి అడిగితే ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. “మాకు గుండు ఎవరు గీశారమ్మా? మంగలికి డబ్బులెక్కడియ్యి? మొదటాయన పోయినాక రెండోఆయన దగ్గిరికి పోయా. గుండు గీసుకునుంటే ఆయన చూసేవాడా?” అంది. మళ్ళీ అయిదు నిమిషాలకే పెరట్లో దూరిన కోడిని ‘నీ ముండమొయ్య’ అని అదిలించింది.

ఆ ఆచారం లేని ఇంటికి ఆ ఆచారపు తిట్టు ఎలా వచ్చింది? పెద్ద కులం వాళ్ళు తమ ఆడవాళ్ళకి చేసిన పని, ఆ పని తెలియని ఆడవాళ్ళ నోటికి అవమానంగా దిగుమతి అయింది. మారుమనువు ‘తక్కువ’ అన్నది కూడా అదే బండిలో వచ్చింది. నేను చిన్నప్పుడు చూడని ఒక మార్పుని ఇప్పుడు చూస్తున్నాను: నాలుగు డబ్బులు చేరిన ఇళ్ళలో మారుమనువు మాట ఎత్తడానికి సిగ్గుపడుతున్నారు. కాస్త పైకొచ్చిన కుటుంబం మొదట వదులుకునేది ఆడవాళ్ళకి ఉన్న వెసులుబాటునే.

మా నాన్న 2001లో పోయాడు. పత్తి పోయింది, అప్పులు మిగిలాయి, పురుగుమందు ఇంట్లోనే ఉంది. ఆ సంవత్సరాల్లో మా చుట్టుపక్కల ఇలాంటి ఇల్లు మాదొక్కటే కాదు. అమ్మకి ముప్ఫై ఏళ్ళు, నాకు పదకొండు, తమ్ముడికి ఎనిమిది. పెద్దకర్మ అయిన నెలకి రెండెకరాల గురించి పెద్దమనుషులు కూర్చున్నారు. మాకు దగ్గరివాళ్ళే అన్నారు: “ముండమోసినదానికి పొలమెందుకు? పిల్లల్ని పెట్టుకుని మా నీడన ఉంటే తిండికి లోటా?” అక్కడున్న ఎవరికీ అది తిట్టుగా వినపడలేదు. ఒక సంగతి చెప్పినట్టే చెప్పారు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భర్త స్వార్జితంలో పిల్లలతో సమానంగా భార్య మొదటి తరగతి వారసురాలని నేను తర్వాత చదువుకున్నాను. ఆ రోజు ఆ చట్టం కంటే ఆ మాటే బలమైన పత్రంగా పనిచేసింది. అమ్మ మాత్రం తల ఎత్తి, “మోసింది నేను గదా, పొలం గూడా నేనే మోస్తాలే” అంది. పాసుపుస్తకంలో ఆమె పేరు ఎక్కడానికి అయిదేళ్ళు పట్టింది. ఆ అయిదేళ్ళూ మిరపకాయ కోతలకి కూలికి పోయింది. రాత్రిళ్ళు అరచేతులు మండుతుంటే కొబ్బరినూనె రాసేదాన్ని.

తిట్టు అంటే ఎవరో కోపంలో నోరు జారడం అనుకుంటాం. మాకు అది ఆస్తి పత్రం.

పల్నాడు గురించి రాస్తూ నాగమ్మని తలవకుండా ఉండలేను. పన్నెండో శతాబ్దంలో గురజాల పాలించిన నలగామరాజుకి మంత్రి అయిన స్త్రీ. చిన్నవయసులోనే భర్త పోయిన స్త్రీ అని కథ చెప్పేవాళ్ళు చెబుతారు. ఏటా కార్తీక అమావాస్యకి కారెంపూడిలో నాగులేటి ఒడ్డున వీరుల తిరునాళ్ళు మొదలై అయిదు రోజులు జరుగుతాయి: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు. వీరవిద్యావంతులు కథ పాడతారు. బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టి కులాల్ని ఒకే బంతిలో కూచోబెట్టిన మహానుభావుడు, మాల కన్నమదాసుని కొడుకుగా చూసుకున్నవాడు. అది నిజంగా గొప్ప జ్ఞాపకమే, కాదనను. అయితే కోడిపందెం పెట్టించి ఊళ్ళు తగలబెట్టిన కుట్ర అంతా నాగమ్మది. యుద్ధం చేసింది మగవాళ్ళు, ఏలింది మగవాళ్ళు, చచ్చింది మగవాళ్ళు, కారణం మాత్రం ఒక మొగుడు లేని ఆడది. 1947లో కన్నాంబ, 1966లో భానుమతి ఆ పాత్రని సినిమాల్లో ఎంత ఠీవిగా వేసినా, మా ఊళ్ళో పంచాయితీలో గొంతెత్తిన ఆడదాన్ని ‘పెద్ద నాయకురాలు బయల్దేరింది’ అనడం మానలేదు. ఆ రోజు మా అమ్మ గురించి కూడా ఎవరో వెనకనుంచి అదే అన్నారు. ఇంటికొచ్చాక అమ్మ, “నాగమ్మకి రాజ్యం ఇచ్చారంట, నాకు రెండెకరాలియ్యటానికేమి ఏడుపు?” అని గొణుక్కుంది.

నా సినాప్సిస్ చూసిన కమిటీలో ఒకాయన ఈ పదాన్ని పూర్తిగా రాయొద్దన్నారు. మొదటి అక్షరం రాసి చుక్కలు పెట్టమన్నారు. సాహిత్య గౌరవం అన్నారు. కాంటీనులో ఆయన ఫోన్లో ఎవర్నో తిడుతుంటే విన్నాను, చుక్కలేమీ లేవు. నాకు ‘నీలిమేఘాలు’ గుర్తొచ్చింది. ఎనభైల చివర, తొంభైల మొదట్లో స్త్రీలు తమ శరీరాల గురించి, కాన్పుల గురించి కవిత్వం రాస్తే దాన్ని ‘నీలి కవిత్వం’ అని వెక్కిరించినప్పుడు, ఆ నిందనే శీర్షికలోకి తీసుకుని 1993లో స్త్రీల కవితా సంకలనం తెచ్చారు. స్త్రీ తన నొప్పిని తన మాటల్లో చెబితే అశ్లీలం. వీధిలో మగవాడు ఆమె వైధవ్యాన్ని రోజుకి ఇరవైసార్లు కోరుకుంటే అది యాస. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు స్త్రీల గురించి తీర్పుల్లో వాడకూడని మాటల మీద ఒక చేతిపుస్తకం తెచ్చింది, మంచిదే. కాకపోతే అది ఇంగ్లీషు మాటల గురించి. గురజాల కోర్టు మెట్ల కింద వినపడే భాషకి అలాంటి పుస్తకం ఎవరు రాస్తారో చూడాలి.

మొత్తానికి చుక్కలు పెట్టకుండానే థీసిస్ ఇచ్చాను.

ఒక చిక్కు మిగిలింది. ఈ మాటని నిషేధించాలి అని నాతో పనిచేసే మిత్రులు కొందరు అంటారు. ఆడవాళ్ళ నోట్లో ఇది ఏం చేస్తోందో వాళ్ళు వినలేదనిపిస్తుంది. మా అమ్మమ్మకి నేను ‘పిచ్చిముండ’ని. జ్వరమొస్తే తడిగుడ్డ వేస్తూ ‘వెర్రిముండా, కాస్త గంజి తాగవే’ అనేది. ఆ గొంతులో ఉన్న ప్రేమని నేను ఏ సిద్ధాంతంతోనూ కొట్టేయలేను. నాట్లేసే చోట, కోతల చోట ఆడవాళ్ళు ఒకరినొకరు ‘ఒసే ముండా’ అని పిలుచుకుంటుంటే మేస్త్రీ దూరంగా నిలబడతాడు. అక్కడ ఆ మాట ఒక కంచె లాంటిది. అదే మాట ఆ మేస్త్రీ అంటే కొడవలి పైకి లేస్తుంది. ఎవరు ఎవర్ని అంటున్నారన్నదాన్నిబట్టి మాట ముద్దో దెబ్బో అవుతుంది. దెబ్బే ఎక్కువసార్లు అన్నది కూడా నిజమే. మా తమ్ముడు పెళ్ళయిన కొత్తలో అన్నం చల్లారిందని భార్యని ఆ మాటన్నాడు. అమ్మ కంచం పక్కన పెట్టి, “ఒరేయ్, ఆ పిల్ల ముండ అవ్వాలంటే ముందు నువ్వు పోవాల్రా. తెలిసి అంటున్నావా?” అంది. వాడు మళ్ళీ ఇంట్లో అనలేదు. బయట అంటాడు.

‘వెధవ’ కథ ఇంకా విచిత్రం. విధవ అనే మాటే వెధవ అయి మగవాళ్ళకి అంటుకుంది. బడిలో మాస్టార్లు ‘ఒరేయ్ వెధవల్లారా’ అంటే పిల్లలు నవ్వుతారు. ‘వెధవ పని’, ‘వెధవ బతుకు’ అని పత్రికల్లో కూడా అచ్చవుతుంది. వాడి వాడి ఆ మాటలోని స్త్రీ అరిగిపోయింది. మగవాడి మీద పడేసరికి తిట్టు తేలికైపోయింది, ఆడదాని దగ్గర ఉన్న ముండ మాత్రం బరువు దిగలేదు.

పోయిన నెల ఊరికి వెళ్ళినప్పుడు ఒకటో తారీకు. పొద్దున్నే పింఛన్లు పంచుతున్నారు. ప్రభుత్వ కాగితంలో అది ‘వితంతు పింఛను’. 2024 జులై నుంచి నెలకి 4,000 రూపాయలు. మా వీధిలో ఆడవాళ్ళు మాత్రం దాన్ని ‘ముండమోపుల పింఛను’ అనే అంటారు, దాచకుండా, నవ్వుకుంటూ. సచివాలయం నుంచి వచ్చిన అమ్మాయి చిన్నపిల్ల, ఆ మాట విని మొహం పక్కకి తిప్పుకుంది. అమ్మ వేలిముద్ర వేసి, నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి, కొంగున ముడేసుకుంది. పక్కింటి అత్త, “ఏం వదినా, బతికున్నప్పుడు అన్నయ్య నెలకి ఇంత ఇచ్చాడా?” అంది. అమ్మ ఆమె వీపు మీద ఒకటి చరిచి, “నోర్ముయ్యవే ముండా, ఉంటే ఆయనే మేలు” అని, కాసేపాగి, “కౌలు రైతు ఇంకా డబ్బులియ్యలా, కనుక్కో” అని నాకు పని చెప్పి లోపలికి పోయింది.