సగటులో కనిపించని కొండ

మేం పాఠాలు చెప్పే మండపేటలో నేల అరచేయిలా చదును. మా సొంత ఊళ్లేమో మారేడుమిల్లి వైపు కొండల్లో. అక్కడ గాలి కూడా కొండెక్కి దిగాల్సిందే. ఎక్కిన గాలి చల్లబడి, బరువెక్కి కిందికి జారుతుంది. జారిన ఊపులో మళ్లీ లేస్తుంది. ఈ ఊగులాటనే వాతావరణ గురుత్వ తరంగం అంటారు. ఉరుముల మేఘాలూ వీటిని పుట్టిస్తాయి. ఇవి పైపైకి పోయి విరిగి, 30 కిలోమీటర్ల ఎత్తులోని గాలుల వేగాన్ని కూడా మారుస్తాయి. తిరుపతి దగ్గర గాదంకి రాడార్ 1990ల నుంచి వీటిని గమనిస్తోంది.

కంప్యూటర్లు భూగోళాన్ని గడులుగా కోసి వాతావరణాన్ని లెక్కకడతాయి. గడి 100 కిలోమీటర్లదైతే మండపేట, మారేడుమిల్లి ఒకే గడిలో పడిపోవచ్చు. కొండ సగటులో కలిసిపోతుంది. తరంగాన్ని అంచనాగా చేర్చుకోవాల్సిందే. గడి కొద్ది కిలోమీటర్లకు తగ్గితే కొండ నిలబడుతుంది, చాలా తరంగాలు లెక్కలోనే పుడతాయి. 2025 మేలో మన దేశం 6 కిలోమీటర్ల గడుల నమూనాను వాడుకలోకి తెచ్చింది. మరీ చిన్న తరంగాలు అందులోనూ జారిపోతాయి.

సగటులో మాయమవడం మనకు కొత్త కాదు. జిల్లా సగటు చూస్తే గూడెం బడి కనబడదు. అందుకే తరగతిలో గళ్ల కాగితం ఇచ్చి, పిల్లల చేత వాళ్ల ఊరి కొండ ఎత్తును పెద్ద గడిలో ఒకసారి, చిన్న గడుల్లో ఒకసారి వేయిస్తాం. తేడా ఏమిటో వాళ్లే చెబుతారు.