ముహూర్తం చూడని రోజు

 

మా ఊళ్ళో ముహూర్తాల కోసం నా దగ్గరకు వచ్చేవారు ఇప్పటికీ ఉన్నారు. భాషాప్రవీణ చదివే రోజుల్లో అబ్బిన కాస్త సంస్కృతం పంచాంగం చూడటానికి అక్కరకు వచ్చింది. శంకుస్థాపన, అక్షరాభ్యాసం, గృహప్రవేశం, ఏది అడిగినా నాలుగు తేదీలు రాసి ఇస్తాను. అటువంటి నేను తిథి చూడని రోజు ఒకటి ఉంది. ఈ టపా దాని గురించే.

2019 జనవరిలో మా అమ్మాయి పురిటికి మా ఇంటికి వచ్చింది. ఒంగోలులో కాన్పు. మగపిల్లవాడు. 2 కిలోల 800 గ్రాములు. ఏడుపు గట్టిగానే ఉంది. మరునాటికి వాడి పెదవులు, గోళ్ళు నేరేడుపండు చాయకు తిరిగాయి. చలి కాబోలునని నేనే ఇంకొక పొత్తిగుడ్డ కప్పించాను. పిల్లల డాక్టరమ్మ వచ్చి, ఆ గుడ్డలన్నీ తొలగించి, పాదానికి చిన్న క్లిప్పు తగిలించింది. 95 దాటవలసిన అంకె 70 దగ్గర నిలిచిపోయింది. ఆక్సిజన్ పెట్టినా కదలలేదు. ఊపిరితిత్తుల లోపమైతే కొంతైనా పెరగాలట. ఆమె చూపు అప్పుడు గుండె మీదికి మళ్ళింది. సాయంత్రానికి స్కానింగులో తేలింది: గుండె నుండి బయలుదేరే రెండు పెద్ద ధమనులు ఒకదాని స్థానంలో మరొకటి మొలిచాయి.

"హైదరాబాదు తీసుకువెళ్ళాలి మాస్టారూ. రెండు మూడు వారాల లోపల ఆపరేషన్ జరగాలి" అన్నది ఆమె.

"పురుడైనా వెళ్ళనివ్వండమ్మా. పదకొండో రోజు దాటి, బిడ్డ కాస్త ఒళ్ళు చేశాక తీసుకువెళతాం" అన్నాను. ఆ మాట అన్నది నేనే. దాచుకోవలసిన పని లేదు.

వెనుక నుండి మా ఆవిడ మెల్లగా అన్నది: "అప్పుడు ఆగాం కదండీ."

ముప్పై ఏళ్ళకు పైగా మా మధ్య ఆ ప్రస్తావన రాలేదు. 1988లో మా తొలిచూలు ఆడపిల్ల. రెండవ రోజున నీలివన్నె వచ్చింది. చలి తగిలిందన్నారు, దృష్టి అన్నారు, బాలగ్రహమన్నారు. పురుడు వెళ్ళాక గుంటూరు తీసుకువెళదామని పెద్దలు నిర్ణయించారు, నేను తల ఊపాను. ఆరవ రోజు తెల్లవారుజామున పోయింది. బారసాల కాలేదు కనుక పేరు కూడా లేదు.

ఆ రాత్రే బయలుదేరాం. 300 కిలోమీటర్లకు పైగా ప్రయాణం. గర్భంలో ఊపిరితిత్తులకు పని ఉండదు కనుక రెండు ధమనుల నడుమ ఒక చిన్న నాళం తెరిచి ఉంటుంది. పుట్టిన కొద్ది రోజులలో అది తనంత తానే మూసుకుపోతుంది. మామూలు బిడ్డకు అది మేలు. మా వాడికి మాత్రం మంచి రక్తం, చెడు రక్తం కాస్తయినా కలిసే దారులలో అదొకటి. దానిని మూసుకోనివ్వకుండా ప్రోస్టాగ్లాండిన్ అనే మందును చుక్కచుక్కగా ఎక్కిస్తూ తీసుకువెళ్ళారు. ఆ మందుతో పసివాళ్ళు ఊపిరి తీయడం మరచిపోయే ప్రమాదం ఉందట. అందుకని అంబులెన్సులో ఒక వైద్యుడు తోడు వచ్చాడు. దారి పొడుగునా ఆ చిన్న రొమ్ము లేచి పడుతున్నదా లేదా అని చూడటమే నా పని.

హైదరాబాదులో ఆ తెల్లవారుజామునే, తొడ దగ్గరి సిర గుండా సన్నని గొట్టం పంపి, దాని కొనన ఉన్న బెలూనుతో రెండు కర్ణికల నడుమ గోడలోని రంధ్రాన్ని పెద్దది చేశారు. 1966లో విలియం రాష్కిండ్ అనే అమెరికా వైద్యుడు కనిపెట్టిన పద్ధతి. (మాకు కర్ణిక అంటే చెవికమ్మ, లేకుంటే తామరదుద్దు. ఆ మాటను గుండె గదికి పెట్టినవారెవరో గాని రసజ్ఞులు.) అంకె 80 దాటింది.

ఇక వెంటనే ఆపరేషన్ చేస్తారనుకున్నాను. చేయలేదు. ఒక రోజు, రెండు రోజులు, వారం. పదకొండు రోజులు ఆగుదామన్న మనిషినే, ఇప్పుడు గంటకొకసారి లేచి "ఇంకా ఎందుకు ఆలస్యం?" అని అడుగుతున్నాను. శస్త్రవైద్యుడు విసుగుకోలేదు. కాగితం మీద బొమ్మ గీసి చెప్పాడు. పుట్టగానే మూత్రపిండాలు, కాలేయం, ఊపిరితిత్తులు బయటి బ్రతుకుకు అలవాటు పడాలి. బిడ్డ నిలకడగా ఉంటే ఆ కొద్ది రోజులు ఇవ్వడం మంచిది. కాని మరీ ఆగితే ఎడమ జఠరిక చెడుతుంది. శరీరమంతటికీ రక్తం తోయవలసిన ఆ గది ఈ బిడ్డలలో ఊపిరితిత్తులకే తోస్తుంది. అక్కడ ఒత్తిడి తగ్గేకొద్దీ పని తేలికై, కొన్ని వారాలలోనే దాని గోడ పలచబడుతుంది. ఆ తరువాత ధమనులను మార్చి కుట్టినా బరువు మోయలేదు. ధమనులను మార్చే ఈ శస్త్రచికిత్స తొలిసారి ఫలించింది 1975లో, బ్రెజిల్‌లో, అడిబ్ జటేన్ చేతుల మీదుగా. గుండెకే రక్తమిచ్చే, మిల్లీమీటరో రెండో వెడల్పుండే నాళాలను కూడా విడదీసి కొత్త చోట కుట్టాలి.

నిరీక్షణ మందిరంలో మహబూబ్‌నగర్ వైపు దంపతులు ఉండేవారు. వారి రెండు నెలల పాపకు జఠరికల నడుమ గోడలో పెద్ద రంధ్రం. పాలు తాగుతూ నుదుట చెమటలు పోసి, అలసి మధ్యలో వదిలేసేది. మందులిచ్చి, మరో నెల చూసి చేస్తామన్నారు. "ఆరోగ్యశ్రీ కార్డువాళ్ళమనే ఆపుతున్నారు సార్" అని ఆ తల్లి ఏడ్చింది. కాదమ్మా అని, నాకు అంతకు ముందు రోజే తెలిసిన విద్యను పాఠంలా చెప్పాను. చిన్న రంధ్రాలు చాలావరకు వాటంతటవే పూడిపోతాయి. పెద్దవాటిని సాధారణంగా మూడు నుండి ఆరు నెలల నడుమ మూస్తారు. ఏళ్ళ తరబడి వదిలేస్తే ఊపిరితిత్తుల నాళాలు గట్టిపడి, అప్పుడు మూసినా ప్రయోజనం ఉండదు. ఆమె నమ్మిందో లేదో తెలియదు. మళ్ళీ నెలకు ఆపరేషన్ అయిందని వాళ్ళాయన ఫోను చేసి చెప్పాడు.

మా వాడికి తొమ్మిదవ రోజు. ఆసుపత్రి ఫైలు మీద "బేబీ ఆఫ్" అని మా అమ్మాయి పేరే ఉంది. ముందు రోజు సాయంత్రం మా ఆవిడ పట్టుబట్టింది, పేరు పెట్టి గాని లోపలికి పంపనని. నక్షత్రం చూసి నేను రాసిపెట్టుకున్న పేర్ల జాబితా ఒంగోలులోనే ఉండిపోయింది. ఆమె తనకు తోచిన పేరును, గొట్టాల నడుమ ఖాళీ చూసుకుని, వాడి చెవిలో మూడుసార్లు చెప్పింది. ఇరవై ఒకటవ రోజు బారసాల మళ్ళీ చేయలేదు.

ఇప్పుడు వాడు నా దగ్గర గుణింతాలు దిద్దుతున్నాడు. రొమ్ము మీది గీతను స్నేహితులకు చూపి గొప్పలు పోతాడు. మార్చి కుట్టిన నాళాలను కనిపెట్టి ఉండాలి కనుక ఏటా ఒకసారి రమ్మన్నారు. ఈసారి తేదీ చుట్టూ మా ఆవిడ కాలెండరులో ఎర్రసిరాతో సున్నా చుట్టింది. ఆ రోజు వర్జ్యం ఎప్పుడని నన్ను అడగలేదు.