మొద్దుపై చిగురు

నాగాలాండ్ రాజధాని కోహిమా నుంచి పడమరగా సుమారు 20 కిలోమీటర్లు కొండదారిన సాగితే ఖొనోమా గ్రామం వస్తుంది. ఇది అంగామీ నాగాల ఊరు. గట్టు మీద రాతి గోడలు, ఇరుకైన మెట్లు. దిగువన లోయ పొడవునా అంచెలంచెలుగా తీర్చిన వరిమళ్లు. 1879లో బ్రిటిష్ రాజకీయాధికారి డామంట్ ఈ ఊరి వాకిటనే తుపాకి గుండుకు కూలాడు. పిదప నెలల తరబడి సాగిన ముట్టడి 1880లో ఒడంబడికతో ముగిసింది. యాత్రికులు ఆనాటి కోటను చూడటానికి వస్తారు. కాని తరతరాలుగా ఈ ఊరికి అన్నం పెడుతున్నది కోట కాదు, కొండవాలున నిలిచిన ఒక చెట్టు.

శీతాకాలంలో ఆ వాలును తొలిసారి చూసినవారు పొరబడక తప్పదు. పొలాల నిండా తలలు తెగిన మొద్దులు, వాటి శిరస్సులపై మట్టి పూత, కొన్నిటి మీద బండరాయి! ఎవరో అడవిని హతమార్చి పోయారనిపిస్తుంది. నిజానికి అది వధ కాదు, సేద్యం.

ఆ చెట్టు ఆల్డర్. నేపాలీలు దీనిని ‘ఉతిస్’ అంటారు. హిమాలయ సానువులలో, ముఖ్యంగా 1000 నుంచి 2500 మీటర్ల ఎత్తు మధ్య, వాగుల ఒడ్డున, ఊటనేలల్లో, కొండచరియలు విరిగిపడి బోసిపోయిన చోట్ల ఇది ముందుగా మొలుస్తుంది. చల్లదనం, తేమ, ఎండ దీనికి ప్రాణం, నీడలో ఎదగదు. శరదృతువులో కొమ్మల చివర పసుపుపచ్చని పూలకంకులు జాలరుల వలె వేలాడుతాయి. ఆ సొగసు కోసమే ఆల్డర్ జాతులను తడినేలల తోటల్లో పెంచేవారు పలు దేశాలలో ఉన్నారు. గింజ నలుసంత; లోతుగా పాతితే మొలవదు, తడిమట్టిపై పైపైన చల్లాలి. మొలకలను వానలు పడ్డాక నాటుతారు.

అంగామీ రైతు ఈ చెట్టును ఆరేళ్ల నుంచి పదేళ్ల వయసు వచ్చేవరకు ముట్టడు. బెరడు ముదిరి గరుకెక్కిన తరువాత మనిషి ఎత్తుకు కాస్త పైన కాండాన్ని నున్నగా నరుకుతాడు. కోత చీలితే నీరు దిగి మొద్దు కుళ్లుతుంది. అందుకే మట్టి మెత్తి, రాయి పెడతాడు. పెద్ద కొమ్మలు వంటచెరకుకు పోతాయి; ఆకు అలము పొలంలోనే కాలి బూడిదై నేలలో కలుస్తుంది. మొద్దు చుట్టూ చిగుళ్లు గుత్తులుగా లేస్తాయి. నాలుగైదింటిని ఉంచి మిగిలినవి తీసివేస్తారు. రెండేళ్లు మొక్కజొన్న, చిరుధాన్యాలు, బంగాళాదుంప, మిరప పండిస్తారు. రెండేళ్లు నేలకు విశ్రాంతి. అంతలో కొమ్మలు మళ్లీ కోతకు వస్తాయి.

ఇతర కొండప్రాంతాల పోడులో ఒకప్పుడు పది, పదిహేనేళ్లు బీడుంచిన నేలను జనం పెరిగిన కొద్దీ నాలుగైదేళ్లకే తిరిగి కొట్టవలసి వచ్చింది. సారం తగ్గింది, వానకు మట్టి కొట్టుకుపోయింది. ఖొనోమాలో అంతే గడువు ఎలా చాలుతోంది? రహస్యం వేళ్లలో ఉన్నది. ఆల్డర్ వేరు బుడిపెలలో ‘ఫ్రాంకియా’ అనే సూక్ష్మజీవి కాపురముంటుంది. గాలిలోని నత్రజనిని పట్టి చెట్టుకు అందిస్తుంది. రాలిన ఆకు ద్వారా అది నేలకు చేరుతుంది. వేళ్లు వాలుమట్టిని పట్టి ఉంచుతాయి. కోస్తాంధ్ర ఇసుక నేలల్లో పెరిగే సరుగుడు వేళ్లకూ ఈ ఫ్రాంకియాతోనే చెలిమి. రెండు చెట్లకు నేలలు వేరు, వాతావరణం వేరు, నేస్తం ఒకటే.

1990వ దశకంలో నాగాలాండ్‌లో పోడు పొలాల్లో చెట్లు పెంచే పథకం ఈ అనుభవం నుంచే పాఠం తీసుకున్నది. అయితే వేడిమి గల పల్లపు కొండలలో ఆల్డర్ నిలవదు; అక్కడ వేరే చెట్లను వెదకవలసి వచ్చింది. ఖొనోమావాసులు 1998లో తమ అడవిలో ట్రాగోపాన్ పక్షికి అభయారణ్యం ఏర్పరచి, వేటను తామే నిషేధించుకున్నారు. వేటకు పేరుపడ్డ ఊరికి అది సులువైన నిర్ణయం కాదు.

చట్టంతో వేటను ఆపవచ్చు. కోత పనిని మాత్రం చట్టం నేర్పలేదు. ఎంత ఎత్తున నరకాలో, ఏ చిగురు ఉంచాలో పెద్దల పక్కన నిలిచి చూసినవారికే చేతికి వస్తుంది. చదువులకు, కొలువులకు పట్నం చేరే యువతరం ఆ కత్తిని అందుకుంటేనే ఈ వాలుమీద మట్టి నిలుస్తుంది. ఒక్క తరం నేర్వక పోయినా, తాతలు పెంచిన మొద్దు తప్పుకోతకు ఎండిపోగలదు.